పంతులు హోటలు ఫొటోలో పాల ఆవిరి

పందొమ్మిది వందల ఇరవై ఎనిమిది, ఫిబ్రవరి పన్నెండు, ఆదివారం, పొద్దున్న ఏడున్నర. బిలాస్‌పూర్ స్టేషనుకి ఎదురుగా జోగారావు పంతులు గారి కాఫీ హోటల్లో నేను లెన్సు మూత తీసిన టైము అది. గోడ గడియారం కూడా ఫొటోలో పడింది కాబట్టి టైము గురించి ఎవరూ నాతో పేచీ పెట్టుకోలేరు. పేచీ అంతా మనుషుల గురించే.

నేను ఫొటోలు తీసి బతికినవాణ్ణి. చూపు మందగించి మానేశాను. ఈ మధ్య మన రైల్వే క్వార్టర్ల కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు చేతిలో పట్టే చిన్న కెమెరాలు కొనుక్కుని నా దగ్గరికి వచ్చారు. "తాతా, ఈ పనిలో ఏటుంటాది, సెప్పు" అన్నారు. నోటితో చెబితే సగం విని లేచిపోతారు. అందుకని రాస్తున్నాను. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. పెద్ద మాటలు రావు. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

ఏ సంవత్సరం ఏం సంపాదించానో, ఏ దొర నా పని మెచ్చుకున్నాడో ఇక్కడ రాయను. అవి ఎవరికీ పనికిరావు.

కాఫీ హోటల్లో పని

స్టూడియోలో ఫొటో తీయడం సులువు. అక్కడ కుర్చీ ఉంటుంది, వెనక బొమ్మల తెర ఉంటుంది. మా స్టూడియో తెర మీద ఒక మేడ, మెట్లు, చెరువులో హంసలు ఉండేవి. ఇంజనులో బొగ్గు వేసేవాడు వచ్చి ఆ హంసల పక్కన నిలబడేవాడు. ఫొటో ఇంటికి తీసుకెళ్తే పెళ్ళాం చూసి, "ఇది ఎవుల మేడ" అని అడిగేది. వాడు ఏం చెబుతాడు?

కాఫీ హోటల్లో అలా కాదు. మనిషి తన బట్టల్లో, తన చోట కూర్చుని ఉంటాడు. మన విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం వాళ్ళు ఈ ఊరు వచ్చి పట్టాలు వేసి, షెడ్డులో చేరి, ఇక్కడే పిల్లల్ని కన్నారు గాని, ఊరి మాట నలుగురితో ఆడుకోవడానికి వాళ్ళకి ఉన్న చోటు కాఫీ హోటలు ఒక్కటే. డ్యూటీకి వెళ్ళే ముందు ఒకసారి, దిగాక ఒకసారి వచ్చేవాళ్ళు. హోటలు యజమానులు ఆ మొహాలతో ఫొటో తీయించి పటం కట్టి గోడకి తగిలించేవాళ్ళు. తన మొహం గోడ మీద ఉన్నవాడు పక్క హోటలుకి పోడు. నా పని అలా నడిచింది.

ఈ పనిలో తిప్పలు కొన్ని చెబుతాను. కాఫీ గ్లాసు పట్టుకోమంటే మనిషి హారతి పళ్ళెం పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. రోజూ తాగే కాఫీ ఎలా తాగాలో మరిచిపోతాడు. వాడితో ఏదో ఒక ఊసు పెట్టుకోవాలి. ధాన్యం ధర అడగండి, వాళ్ళ మేస్త్రీని తిట్టండి, చెయ్యి దానంతట అది కిందికి దిగుతుంది. రెండోది, డ్యూటీలో ఉండి కాఫీకి వచ్చినవాడు కెమెరా చూడగానే మొహం తిప్పుకుంటాడు. ఆ మొహం వెంట పడకండి. ఫొటో మీకు మిగులుతుంది, నౌకరీ వాడికి పోతుంది. మూడోది ఆవిరి. చలికాలం పొద్దున్న బయటినుంచి చల్లటి కెమెరా తెచ్చి పాలు మరిగే గదిలో పెడితే లెన్సు మీద చెమట పడుతుంది. తుడిస్తే మళ్ళీ పడుతుంది. గది వేడికి కెమెరా అలవాటు పడేదాకా ఆగాలి. ఆగనివ్వరు. పాలు పొంగుతున్నాయంటారు, రైలు వస్తోందంటారు.

ఇప్పటి మీ కెమెరాలకి ఇది తెలియదు గాని, మా రోజుల్లో లోపలి గదిలో ఫొటో తీయాలంటే లెన్సు మూత తీసి పది లెక్కపెట్టాలి. ఆ పది అయ్యేదాకా కదలకుండా ఉన్నవాడే ఫొటోలో ఉంటాడు. కదిలినవాడు పొగ.

మిత్రా బాబు

నాకు పని నేర్పినవాడు మిత్రా బాబు. స్టూడియో ఆయనదే. ముందు నేను ఆయన కెమెరా పెట్టె మోసేవాణ్ణి. తర్వాత గాజు ప్లేట్లు కడిగాను, తర్వాత చీకటి గదిలోకి రానిచ్చాడు. మంచి పనివాడు. గాజు ప్లేటు మీద తడి చూసి, ఫొటో ఎలా వస్తుందో అచ్చు తీయక ముందే చెప్పేవాడు. మనిషిగా పిరికివాడు. పెద్ద కులంవాళ్ళు ఏమంటారో, దొరలు ఏమంటారో అని ఎప్పుడూ వణుకు. స్టూడియో కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టాలో, ఎవర్ని నిలబెట్టాలో, ఎవర్ని అసలు రానివ్వకూడదో ఆయనకి ఒక లెక్క ఉండేది. అది ఎక్కడా రాసి పెట్టలేదు గాని మాకందరికీ తెలుసు.

ఆయన నేర్పిన సూత్రం ఒకటుంది. మూత తీశాక లెక్క ఆపకూడదు. "అప్పల్‌సామీ, భూకంప్ ఆయే తో భీ దస్ తక్ గిన్‌నా" అనేవాడు. భూమి కదిలినా పది వరకు లెక్కపెట్టు అని. మధ్యలో మూత వేస్తే ప్లేటు మొత్తం పోతుంది, లెక్క పూర్తిచేస్తే కదిలినవాడొక్కడే పోతాడు, మిగతావాళ్ళు దక్కుతారు అని ఆయన వాదన. దుకాణం నడుపుకునేవాడికి అది సరైన మాటే. నేను ఇన్నేళ్ళూ అలాగే చేశాను. ఆ పోయే ఒక్కడు ఎవడు అన్నది ఆయన లెక్కలో లేదు.

బయట ముంత

పంతులు గారి హోటల్లో మూడు చోట్లుండేవి. వెనక గది ఆయన కులంవాళ్ళకి. ముందు గదిలో పొడుగు బల్ల మీద గార్డులు, టికెట్టు బాబులు, ఫిట్టర్లు, నా బోటివాళ్ళం. అరుగు కింద, వాన పడితే తడిసే చోట, బయట ముంతలో తాగేవాళ్ళు. వాళ్ళ కులం పేరు ఇక్కడ రాయను. బయట ముంతలో తాగే కులం అంటే అప్పుడు అందరికీ తెలిసిపోయేది. ఇప్పటికీ తెలుస్తుంది. పంతులు గారు పైనుంచి పోస్తే ముంతలో పట్టుకుని తాగి, ఆ ముంత వాళ్ళే పగలగొట్టి పోవాలి. పొద్దు ఎక్కేసరికి అరుగు కింద పెంకులు గుట్టగా పడి ఉండేవి.

పైడయ్య అక్కడ తాగేవాడు. షెడ్డులో ఇంజను కింద గోతిలోకి దిగి వేడి బూడిద లాగే పని అతనిది. పార్వతీపురం అవతల పల్లె. పెళ్ళాం కాన్పులో పోయింది. పుట్టిన పిల్ల నూకాలుని అత్తగారు పెంచుతోంది. పిల్లకి ఆరేళ్ళు వచ్చేదాకా పైడయ్య రెండుసార్లే ఊరు వెళ్ళాడు. రెండోసారి వెళ్ళినప్పుడు జరిగింది నాకు ముంత పట్టుకునే చెప్పాడు.

"నన్ను సూసి మంచం కిందకి దూరిపోనాది బావూ. ఎంత పిలిసినా రాదు. ఈ నల్లోడు ఎవుడు, ఎల్లిపొమ్మను అని ఒకటే ఏడుపు. నాను ఉన్న మూడు దినాలూ మా అత్త కొంగొగ్గనేదు."

"చిన్నపిల్ల. మళ్ళీ వెళ్తే అలవాటు పడతాది" అన్నాను.

"మల్లీ సెలవు పంట కోతలకి గాని నేదు. మా అత్త ఏటన్నాదంటే, నీ బొమ్మ తీయించి అంపు, దినామూ సూపిస్తాను, ఇదే మీ అయ్య అని సెప్తాను, నువ్వొచ్చీసరికి నీ మొగం దానికి తెలిసుంటాది అన్నాది." ముంత చేతిలో అటూ ఇటూ తిప్పి, "నువ్వు బొమ్మలు తీస్తావు గదా బావూ" అన్నాడు.

స్టూడియోకి తీసుకెళ్దామంటే మిత్రా బాబు లెక్క నాకు తెలుసు. పైడయ్య కూడా ఆ హంసల తెర వద్దన్నాడు. "అది సూసి, మా అయ్యకి మేడుందనుకుంటాది గుంట" అన్నాడు. నాకు సొంత కెమెరా లేదు. బయటి పనికి మిత్రా బాబు ఇస్తేనే కెమెరా, ప్లేట్లు నా చేతికి వచ్చేవి. సరిగ్గా ఆ వారమే పంతులు గారు హోటలు ఫొటో తీయమని కబురు పెట్టారు. గుంపులో ఇతన్ని కూడా కూర్చోబెట్టేస్తే ఒక అచ్చు ఇతనికి ఇవ్వచ్చు అనుకున్నాను.

పంతులు గారితో ఆ మాట నేను అనలేకపోయాను. గార్డు రామ్మూర్తి గారు అన్నారు. గూడ్సు గార్డు ఆయన. తెల్ల కోటు, ఇత్తడి బొత్తాలు, నవ్వు మొహం. ఆయనకి నోరుండేది, ఎవరూ కాదనలేరు.

"పంతులూ, ఫొటో తీసినంతసేపే గదా. నీ హోటలేం కూలిపోదు" అన్నారు.

"మీకేం బాబూ, రైలెక్కి కోటా స్టేషనుకి వెళ్ళిపోతారు. రేపు పొద్దున్న వెనక గదివాళ్ళకి నేను జవాబు చెప్పుకోవాలి" అన్నారు పంతులు గారు.

"ఆదివారం వాళ్ళు రారు కదా. అయ్యాక నీళ్ళు చల్లుకో."

పంతులు గారు పొయ్యిలో కట్టెలు ఎగదోశారు. చెడ్డవాడు కాదు ఆయన. భయం ఆయన వ్యాపారంలో సగం. చివరికి, "ఒక్కసారే సుమా. బల్ల చివర్ని కూర్చోవాలి. గ్లాసు ఇస్తాను గాని అందులో కాఫీ పోయను" అన్నారు.

ఆ ఆదివారం

పైడయ్య అర్పా నదిలో స్నానం చేసి వచ్చాడు. బూడిద రంగు పోయేదాకా ఇసకతో రుద్దుకున్నాడేమో, చెంపలు ఎర్రగా కమిలి ఉన్నాయి. ఎవరి దగ్గర అడిగి తెచ్చుకున్నాడో తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. భుజాల దగ్గర బిగుతుగా ఉంది. గుమ్మం దాటడానికి కాలు ఎత్తి మళ్ళీ దించాడు. రామ్మూర్తి గారు, "రావయ్యా, నీకోసం పాలు విరిగిపోతున్నాయి" అని పిలిస్తే అప్పుడు లోపలికి వచ్చాడు.

పక్కనున్న తోర్వా పల్లె నుంచి పాలు తెచ్చే ధనీరాం అప్పుడే బిందె దించుతున్నాడు. ఇక్కడివాడు, తెలుగు రాదు. పైడయ్యని బల్ల మీద చూసి, "కా హోగే పంతులు, ఆజ్ తిహార్ హే కా" అన్నాడు. ఇవాళ పండగా ఏంటి అని. అందరూ నవ్వారు. పైడయ్య కూడా నవ్వాడు. టికెట్టు కలెక్టరు శేషయ్య మాత్రం నవ్వకుండా కొంచెం అవతలికి జరిగాడు. జరిగి, ఫొటోలో బాగా పడాలి కదా అన్నట్టు టోపీ సర్దుకున్నాడు.

పంతులు గారు అంచు చిట్లిన గ్లాసు ఒకటి తెచ్చి పైడయ్య ముందు పెట్టారు. ఖాళీ గ్లాసు. పైడయ్య దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

నా దగ్గర రెండే ప్లేట్లున్నాయి. మొదటి ప్లేటు పెట్టాను. లెన్సు తుడిచాను. పది లెక్కపెట్టాను. ఆ పదిలో పైడయ్య రాయిలా కూర్చున్నాడు. రెప్ప వేశాడో లేదో కూడా తెలియదు. ఇంత బాగా కూర్చున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. మూత వేయబోతూ చూస్తే లెన్సు మీద తెల్లగా ఆవిరి కట్టి ఉంది. ఆ ప్లేటు పోయింది. తర్వాత చీకటి గదిలో కడిగి చూస్తే ఎవరి మొహం ఎవరిదో తేలలేదు.

"మళ్ళీ తీయాలండి" అన్నాను.

"త్వరగా కానీ అప్పలసామీ, ఎవరైనా వస్తారు" అన్నారు పంతులు గారు. ఆయన కళ్ళు వీధి మీదే ఉన్నాయి.

ఈసారి లెన్సు మీద చొక్కా అంచు కప్పి వేడెక్కేదాకా ఆగాను. ఆగినంతసేపూ పంతులు గారు ఆవిరి రాకుండా పాలగిన్నె మీద మూత పెట్టి నొక్కి పట్టుకున్నారు. రెండో ప్లేటు పెట్టి మూత తీశాను. ఒకటి. రెండు.

కెమెరా గుమ్మానికి దగ్గరగా ఉంది, నా వీపు వీధి వైపు. మూడు అంటుండగా నా వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. నేను తిరగలేదు. పైడయ్య మొహం చూశాను. అతని కళ్ళు నన్ను దాటి గుమ్మంలోకి వెళ్ళాయి. లేచి నిలబడ్డాడు.

వచ్చినవాడు చిన్నంనాయుడు మేస్త్రీ. బూడిద గోతి కూలీలందరి మీదా పెద్ద ఆయన. ఆదివారం కాఫీకి వచ్చాడు, అంతే. ఎవర్నీ ఏమీ అనలేదు. నేను నాలుగు, అయిదు అంటున్నాను. పైడయ్య తల వంచాడు, చెయ్యి నుదుటి దాకా ఎత్తాడు. కెమెరా సంగతి గుర్తొచ్చి కూర్చోబోయాడు. మేస్త్రీ ఇంకా నిలబడే ఉన్నాడు కదా, మళ్ళీ లేచాడు. "కూకోరా పైడిగా, కూకో" అన్నాడు మేస్త్రీ. ఆ మాటకి ఇంకా వంగాడు. నేను పది అని మూత వేశాను.

బల్ల మీద మిగతావాళ్ళు ఎవరూ కదల్లేదు. వాళ్ళు కదలాల్సిన పని లేదు.

కుర్రాళ్ళకి నేను చెప్పే మొదటి పాఠం ఇదే. గుమ్మం మూయించి ఫొటో తీయండి. కదలకుండా కూర్చోవడం అందరికీ ఒక్కలాగే వస్తుందనుకోకండి. ఎవరొస్తే లేవాలో కొందరి ఒంటికి చిన్నప్పుడే నేర్పేస్తారు. ఆ ఒళ్ళు మీ మాట వినదు, వాడి మాట కూడా వినదు.

ఆవిరి

ప్లేటు కడిగితే అందరూ అద్భుతంగా వచ్చారు. గడియారం ముళ్ళు, రామ్మూర్తి గారి ఇత్తడి బొత్తాలు, ధనీరాం బిందె మీద నొక్కులు అన్నీ కనిపిస్తున్నాయి. బల్ల చివర చిట్లిన గ్లాసు ఉంది. బల్ల కింద రెండు కాళ్ళు అచ్చు గుద్దినట్టు ఉన్నాయి, ఎందుకంటే కాళ్ళు ఉన్న చోటే ఉన్నాయి. పైన మనిషి లేడు. తెల్లగా, మెలికలుగా, గోడ దాకా లేచిన పొగ ఉంది.

మిత్రా బాబు చూసి, "బహుత్ అచ్ఛా. ఇస్‌కో ఫ్రేమ్ కరో" అన్నాడు. చాలా బాగుంది, పటం కట్టు అని.

"చివరాయన రాలేదు బాబూ" అన్నాను.

"కౌన్?" అన్నాడు, ఎవరు అని. పైడయ్య అక్కడ కూర్చున్న సంగతి నేను ఆయనకి చెప్పలేదు. చెబితే ఆ ప్లేటు కూడా ఉండేది కాదు.

పంతులు గారి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "మళ్ళీనా? ఆ పూటే పేడనీళ్ళతో బల్ల కడిగించాను. మేస్త్రీ చూశాడు, నలుగురికీ చెప్పేశాడు. వెనక గదిలో ఇద్దరు రావడం మానేశారు. ఒకసారి అన్నాను, ఒకసారి అయింది" అన్నారు. ఆయన అన్నది నిజమే. ఆ ఇద్దరూ మరి రాలేదు.

పటం గోడకెక్కింది. ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి, "ఆ చివర తెల్లగా ఏటండీ అది" అని అడిగితే పంతులు గారు, "పాల ఆవిరి" అనేవారు. ఆ పూట పాలగిన్నె మీద మూత పెట్టి నొక్కి పట్టుకున్నది ఆయనే. కొన్నాళ్ళకి ఆ మాట ఆయనకే నిజమైపోయింది. శేషయ్య కూడా అలాగే చెప్పేవాడు.

పైడయ్యని ఎలాగైనా తీయాలని షెడ్డు దగ్గరికి కెమెరా పట్టుకెళ్ళాను, బయటి పని మరొకటి చూసుకుని వస్తూ. గేటు దగ్గరే ఆపేశారు. ఇంకో పొద్దున్న హోటలు ముందు అరుగు కింద ముంత పట్టుకుని నిలబడ్డాడు. వెలుతురు బాగుంది, నా దగ్గర ప్లేటు ఉంది. "ఇక్కడే నిలబడు, తీసేస్తాను" అన్నాను.

ముంత వెనక్కి దాచుకున్నాడు. "ఇలగొద్దు బావూ."

"ముంత కింద పెట్టేయ్. మొహం ఒక్కటే తీస్తాను."

"పెంకులు కాళ్ళకాడే ఉన్నాయి గదా. పిల్ల సూస్తాది. పెద్దయ్యాక అడుగుతాది, మా అయ్య ఎక్కడ నిలబడ్డాడు అని." ముంత పగలగొట్టకుండా చేత్తోనే పట్టుకుని వెళ్ళిపోయాడు. కాస్త దూరం వెళ్ళి వెనక్కి తిరిగి, "సెలవుకి ఎల్లినప్పుడు తీద్దువు గాని. బండెక్కేముందు. టేసన్లో" అన్నాడు.

పంట కోతల దాకా అతను ఆగలేదు. ఆ ఎండాకాలం కూలీ లైన్లలో వాంతులూ విరేచనాలూ వచ్చాయి. మంగ్లా వైపు పల్లెల్లో మొదలై లైన్లకి పాకింది. సోమవారం గోతిలోకి దిగాడు, బుధవారం పొద్దున్నకి లేడు. నేను వెళ్ళేసరికి తీసుకెళ్ళిపోయారు. చచ్చినవాళ్ళ ఫొటోలు కూడా తీసేవాళ్ళం అప్పట్లో, కూర్చోబెట్టి. అదీ దక్కలేదు.

పార్వతీపురం అవతల

అతని కోసం తీసిన అచ్చు ఒకటి పటం కట్టి నా దగ్గర ఉంచాను. అది ఇవ్వడానికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. అందులో మనిషి లేడని తెలుసు. కాళ్ళు ఉన్నాయి కదా అనుకున్నాను.

అత్తగారు అప్పయ్యమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నేను ఎవరో చెప్పాను. ఏడవలేదు. కబురు అప్పటికే అందింది. పటం రెండు చేతులా అందుకుని దగ్గరగా పెట్టుకుని చూసింది. బల్ల కింద వేలు పెట్టి, "ఈ కాళ్ళు మావోడివే. కుడి బొటనేలు గోరు నేదు, సూడు" అంది. తర్వాత వేలు పైకి జరిపింది. తెల్ల పొగ దగ్గర ఆగింది.

నూకాలు పక్కనుంచి వచ్చి పటంలోకి తల దూర్చింది. ఏడేళ్ళ పిల్ల, సన్నగా, గట్టిగా ఉంది. "ఏటి మామ్మా ఇది? మా అయ్య బొమ్మ వచ్చీసినాదా?" అంది.

ముసలామె ఊఁ అంది.

పిల్ల ఒక్కొక్క మొహం మీదా వేలు పెట్టి చూసుకుంటూ వచ్చింది. పంతులు గారి మీద ఆగలేదు. శేషయ్య మీద ఆగలేదు. రామ్మూర్తి గారి దగ్గర ఆగింది. తెల్ల కోటు, బొత్తాలు, నవ్వు మొహం. "ఈయనే" అంది. "మా అయ్య నవ్వుతన్నాడు సూడు మామ్మా. నల్లగా నేడు."

నేను నోరు తెరిచాను. ముసలామె నా మోచెయ్యి పట్టుకుంది. గింజలు తీసిన వేళ్ళు, జిగటగా ఉన్నాయి.

"ఒగ్గీ బావూ" అంది మెల్లగా. "పొగని సూపించి ఇదే మీ అయ్య అని సెప్పమంటావా? ఆ మొగమైనా ఉంది దానికి."

పిల్ల పటం ఎత్తుకుని పక్కింటికి పరిగెత్తింది, చూపించడానికి. నేను ఆ పూటే బయల్దేరి వచ్చేశాను.

అక్షరాలు

బిలాస్‌పూర్ వచ్చాక రామ్మూర్తి గారికి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "నా మొహం ఏం చేసుకుంటుందయ్యా ఆ పిల్ల" అన్నారు. తర్వాత, "ఫొటో కింద పేర్లు రాసి ఇవ్వలేకపోయావా" అన్నారు.

"నాకు రాయడం రాదు కదండీ."

"ఊళ్ళో ఎవరైనా చదివి చెప్పేవాళ్ళు కదా, ఎప్పటికైనా" అన్నారు.

వేగన్ల మీద నంబర్లు వేసే సుద్దముక్క ఆయన జేబులో ఎప్పుడూ ఉండేది. దానితో పంతులు గారి బల్ల మీదే నాకు అక్షరాలు దిద్దబెట్టారు. పంతులు గారు గుడ్డ పట్టుకుని తుడవడానికి సిద్ధంగా నిలబడేవారు. నాకు తెలివి తక్కువ, ఏడాది పైనే పట్టింది. ఆయన కోపం తెచ్చుకోలేదు. ఆ నవ్వు మాత్రం మళ్ళీ ఎప్పుడూ నాకు ఫొటోకి ఇవ్వలేదు. కెమెరా పెడితే లేచి బయటికి వెళ్ళిపోయేవారు.

తర్వాత నేను తీసిన ప్రతి కాఫీ హోటలు ఫొటో వెనక పేర్లు రాశాను. ఎంగిలి గ్లాసులు కడిగేవాడి పేరు, కట్టెలు తెచ్చినవాడి పేరు, కదిలి పొగైపోయినవాడి పేరు కూడా. మిత్రా బాబు విసుక్కునేవాడు. పేర్లు రాస్తే ఫొటో బాగుపడదు, అది నిజమే. మీరూ రాయండి అని చెబుతున్నాను. ఇది పనిలో భాగమని నాకెవరూ చెప్పలేదు, అందుకని మీకు చెబుతున్నాను.

నూకాలుకి రాసి పంపాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ముసలామె పట్టుకున్న మోచెయ్యి గుర్తొచ్చేది. ముసలామె పోయిందని తర్వాత ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. పిల్లకి పెళ్ళయి ఎటు వెళ్ళిందో వాళ్ళకి తెలియదు. పటం తీసుకెళ్ళిందో లేదో తెలియదు. తీసుకెళ్ళి ఉంటే, తెల్ల కోటు మనిషిని చూపించి ఇతనే మీ తాత అని తన పిల్లలకి చెబుతూ ఉంటుంది. పంతులు గారు పోయారు, హోటలు తీసేశారు. గోడ మీది పటం ఇప్పుడు నా దగ్గరుంది. పొయ్యి పొగకి నల్లబడి అందరి మొహాలూ మసకేశాయి. తెల్ల పొగ మాత్రం అలాగే ఉంది.

ఇది ఎవరి చేతికి వెళ్తుందో నాకు తెలియదు. నూకాలుకి ఇచ్చిన ఆ రెండో పటం ఎక్కడైనా ఎవరి ఇంట్లోనైనా కనిపిస్తే, ఇది చదివి వినిపించండి.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు వీళ్ళు. పొయ్యి దగ్గర, పాలగిన్నె మూత నొక్కి పట్టుకున్నది జోగారావు పంతులు గారు. ఆయన వెనక బిందెతో తోర్వా ధనీరాం. బల్ల మీద ముందుగా తెల్ల కోటులో గార్డు రామ్మూర్తి గారు, ఆయనకి ఆడపిల్లలు లేరు. ఆయన పక్కన టోపీతో టికెట్టు కలెక్టరు శేషయ్య. గుమ్మంలో, ఫొటోలో పడకుండా, చిన్నంనాయుడు మేస్త్రీ. కెమెరా మీద కప్పే నల్లగుడ్డ దగ్గర లెక్కపెడుతున్నది నేను, అప్పలసామిని. బల్ల చివర, ఖాళీ గ్లాసు ముందు లేచి నిలబడ్డది పైడయ్య, నూకాలు తండ్రి.